ట్రాక్టరు భాగములలో తయారీ లోపము – రైతులు కలిసి నష్టపరిహారము కోరు విధానము

(గూడూరు మండల రైతుల ముందు చేసిన ప్రసంగ పాఠము)



విత్తనములను గూర్చి, ఎరువులను గూర్చి, పురుగు మందులను గూర్చి మీకు చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఈనాడు మనము ముచ్చటించుకొనే సంగతి వేరు. అది పైరుకు పట్టే తెగులు కాదు, కాని పైరు పని మొత్తాన్నీ ఆపివేయగల తెగులు. గూడూరు చుట్టుప్రక్కల పత్తి, మిరప, మొక్కజొన్న, వరి – ఏది వేసినా దుక్కి మొదలుకొని మార్కెట్టుకు సరుకు చేరవేసేవరకు ట్రాక్టరు లేనిదే సాగుట లేదు. ఆ ట్రాక్టరును ఎక్కువమంది అప్పు మీద కొంటున్నారు. వానాకాలములో తొలకరి పడి, అదును మించిపోయే నాలుగు దినాలలో లిఫ్టు లేవక, లేదా గేరు బాక్సు విరిగి బండి షెడ్డులో పడి ఉంటే, వాన ఆగదు, ఫైనాన్సు వాయిదా కూడా ఆగదు.

అటువంటి సమయములో షోరూములో మీకు వచ్చే మొదటి జవాబు ఏమిటో మీ అందరికీ తెలుసు. "డ్రైవరు సరిగా నడుపలేదు" అంటారు. లేకపోతే "లోడు ఎక్కువ వేసినారు" అంటారు. కొన్నిసార్లు అది నిజమే కావచ్చును. కాని ఒక్క రైతు ఒంటరిగా నిలబడినప్పుడు అది నిజమో అబద్ధమో తేల్చుట కష్టము. ఆయన ట్రాక్టరు ఒక్కటే, ఆయన డ్రైవరు ఒక్కడే. అదే నమూనా ట్రాక్టరు కొన్న పది మందికి, పది వేర్వేరు డ్రైవర్ల చేతిలో, పది వేర్వేరు నేలల్లో అదే భాగము ఇంచుమించు అన్నే గంటలకు విరిగినచో, పది మంది డ్రైవర్లూ ఒకే రకముగా చెడగొట్టినారని ఎవరు నమ్ముతారు? అందుచేతనే తయారీ లోపమును గూర్చిన తగాదాలో రైతుకు అన్నిటికంటె పెద్ద సాక్ష్యము తోటి రైతు.

కావున మొదట చేయవలసిన పని లాయరు దగ్గరకు పోవుట కాదు. ఒక నోటుబుక్కు తెరచుట. రైతు వేదిక వద్దనో, పంచాయతీ కార్యాలయము వద్దనో కూర్చుండి, ఆ నమూనా బండి కొన్నవారందరి వివరములు ఒక్కొక్క వరుసలో వ్రాయండి. ఛాసిస్ నంబరు, కొన్న తేదీ, చెడిన తేదీ, ఆనాడు అవర్ మీటరు చూపిన గంటలు, ఏ భాగము చెడినది, దాని మీద అచ్చు వేసిన నంబరు, బండి ఎన్ని దినములు నిలిచిపోయినది, డీలరు ఏమి చెప్పినాడు – ఇవి చాలును. ఒక్క మండలములో పది మంది దొరకకపోవచ్చు. కేసముద్రము, నర్సంపేట, మహబూబాబాదు మార్కెట్లలో నాలుగు వారములు అడిగితే దొరుకుతారు. ఆ పట్టిక పూర్తి అయిన తరువాత నిదానముగా చూడండి. ఒకరికి క్లచ్చి, ఒకరికి పంపు, ఒకరికి బ్యాటరీ – ఇట్లు తలా ఒకటి చెడి ఉన్నచో అక్కడ ఉమ్మడి కేసు లేదు. ఎవరి సంగతి వారిదే. ఆ మాట ముందుగానే ఒప్పుకొనుట మంచిది. పది మందిని వెంట తిప్పి చివరికి నవ్వులపాలు చేయుట పెద్దమనిషి లక్షణము కాదు. అందరికీ అదే భాగము, అదే తీరున చెడినచో, మీ చేతిలో ఉన్నది వట్టి నోటుబుక్కు కాదు, సాక్ష్యము.

ఇక రెండవ సాక్ష్యము చెడిన భాగమే. దీనిని మనవారు చాలా తేలికగా పారవేస్తారు. విరిగిన గేరును పాత ఇనుము వానికి కిలోల లెక్కన వేసినచో వచ్చేది ఎంత? పోయేది మాత్రము కేసు మొత్తము. వినియోగదారుల కమిషన్ ముందు, పరీక్ష చేయనిదే లోపము తేలదని తోచినప్పుడు, ఆ వస్తువును సీలు వేయించి తగిన ప్రయోగశాలకు పంపించే అధికారము కమిషన్‌కు చట్టము ఇచ్చినది. పంపించుటకు వస్తువే లేకపోతే ఏమి పంపుతారు? కాబట్టి విరిగిన భాగమునకు తేదీ, ఛాసిస్ నంబరు వ్రాసిన చీటీ కట్టి, గోనె సంచిలో చుట్టి తడి తగలని చోట దాచవలెను. వారంటీలో ఉచితముగా మార్చినప్పుడు పాత భాగమును కంపెనీ వారు తీసికొని పోవుట పరిపాటి. అప్పుడు ఇచ్చే ముందు నాలుగు ప్రక్కల నుండి ఫోటోలు తీయండి. అచ్చు నంబరు కనబడవలెను. ఏ భాగము, ఎందుకు మార్చినారో జాబ్ కార్డులో వ్రాయించి, దాని నకలు తీసికొనండి. "చెక్ చేసి సరిచేసినాము" అని మాత్రమే వ్రాసిన జాబ్ కార్డు మీకు ఎందుకూ కొరగాదు.

ఈ విషయములో ట్రాక్టరు రైతుకంటె విత్తనము కొన్న రైతుకే న్యాయస్థానము ఎక్కువ సౌకర్యము చూపినది. ఆ కథ మన తెలుగు రైతులదే కనుక చెబుతాను. జాతీయ విత్తన సంస్థ వద్ద విత్తనములు కొని నష్టపోయిన రైతులు కర్నూలు, మహబూబ్‌నగర్, ఖమ్మం వంటి జిల్లాలలోని వినియోగదారుల ఫోరములకు పోయినారు. ఫోరములు రైతుల పక్షాన తీర్పులు చెప్పినవి. సంస్థ వదలక సుప్రీంకోర్టు దాకా పోయినది. విత్తనములకు 1966 నాటి విత్తన చట్టము ప్రత్యేకముగా ఉన్నది గనుక వినియోగదారుల చట్టము వర్తించదన్నది. రైతు విత్తన నమూనాను పరీక్షకు పంపలేదని కూడ వాదించినది. 2012 జనవరి 16న సుప్రీంకోర్టు ఆ వాదములను త్రోసివేసినది. రైతు తెచ్చిన విత్తనమంతా భూమిలో చల్లుకుంటాడు గాని, రేపు తగాదా వస్తుందేమోనని కొంత దాచిపెట్టుకోడని, అదే లాటు నమూనా సంస్థ దగ్గర ఉండి ఉంటే సంస్థే తెచ్చి పరీక్షకు ఇచ్చి ఉండవచ్చునని తేల్చినది. విత్తనము కొన్న రైతు కూడ వినియోగదారుడే అని ఆ తీర్పుతో స్థిరపడినది. అయితే ఇందులో మనకు ఒక హెచ్చరిక కూడ ఉన్నది. చల్లిన విత్తనము తిరిగి రాదు కనుక రైతుకు మినహాయింపు దొరికినది. విరిగిన గేరు మొలకెత్తదు కదా! అది మీ దగ్గరే ఉండవలసినది. దానిని పారవేసినవానికి ఆ మినహాయింపు దొరుకునని ఆశపడరాదు.

ట్రాక్టరు కొన్న రైతు "వినియోగదారుడా, వ్యాపారస్థుడా" అనే ప్రశ్న కూడ కంపెనీ వారు తప్పక లేపుతారు. వ్యాపారము కొరకు వస్తువు కొన్నవానికి ఈ చట్టము వర్తించదు. కాని తన జీవనోపాధి కొరకు, స్వయముగా పని చేసికొని బ్రతుకుటకు కొన్న వస్తువు వ్యాపారపు లెక్కలోనికి రాదని చట్టములోనే ఉన్నది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీనిని విడమరచి చెప్పినది. తన చేలో దున్నుకొని, ఖాళీ దినములలో ప్రక్కవాని చేను కిరాయికి దున్నిపెట్టే రైతు భయపడనక్కర లేదు. నాలుగైదు ట్రాక్టర్లు పెట్టి, జీతగాండ్లతో నడిపించి, కిరాయిలే వృత్తిగా చేసికొన్నవారికి ఈ దారి ఇరుకు. ఫిర్యాదులోనే "ఈ ట్రాక్టరు నా కుటుంబ జీవనము కొరకు కొన్నాను, నేనే నడుపుకొంటున్నాను" అని స్పష్టముగా వ్రాయవలెను. ఈ ఒక్క వాక్యము లేకపోవుట చేత తరువాత చిక్కు పడవలసివచ్చును.

ఇప్పుడు కలిసి కేసు వేయుట ఎట్లో చూతాము. ఇప్పుడు అమలులో ఉన్నది 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టము. అది 2020 జూలై 20 నుండి అమలునకు వచ్చినది. దాని 35వ సెక్షను ప్రకారము ఒకే ప్రయోజనము కల అనేకమంది తరఫున ఒకరో, కొందరో కమిషన్ అనుమతితో ఫిర్యాదు చేయవచ్చును. దీనినే పట్నములో క్లాస్ యాక్షన్ అంటున్నారు. మనము ప్రాతినిధ్య ఫిర్యాదు అనుకొందాము. అనుమతి వచ్చిన తరువాత, మిగిలినవారికి కూడ తెలియునట్లు నోటీసు వెలువడును. అందులో చేరదలచినవారు చేరవచ్చును. ఇది వినుటకు బాగున్నది గాని దీనికి ఒక పదునైన నియమము కలదు. అందరి ప్రయోజనము ఒక్కటే అని ఫిర్యాదులో చూపించవలెను.

బెంగుళూరులో ఇళ్ళు కొన్న 91 మంది, వెయ్యికి పైగా ఉన్న మొత్తము కొనుగోలుదారుల తరఫున ఇటువంటి ఫిర్యాదు వేసినారు. ఆ వెయ్యి మందికీ ఒకే ప్రయోజనము ఉన్నట్లు ఫిర్యాదులో చూపలేదని సుప్రీంకోర్టు 2021 డిసెంబరు 17న చెప్పినది. అయితే వారిని త్రోసివేయలేదు. అందరి తరఫున కాకపోయినా, పేర్లు వ్రాసి సంతకములు చేసిన ఆ కొద్దిమంది కోసము దానిని ఉమ్మడి ఫిర్యాదుగా నడుపుకొనవచ్చునన్నది. నా అభిప్రాయములో గూడూరు వంటి చోట రైతులకు ఈ రెండవ దారే నయము. పది మందో, ఇరవై మందో పేర్లు వ్రాసి, ఒక్కొక్కరి నష్టము విడివిడిగా చూపి ఉమ్మడి ఫిర్యాదు వేయుట తేలిక. రాష్ట్రమంతటి రైతుల తరఫున అని పెద్ద మాట వ్రాసి, అనుమతి దగ్గరనే ఏండ్లు గడపుట ఎందుకు?

ఫిర్యాదును కొన్న ఊరిలోనే వేయవలెనను నియమము ఇప్పుడు లేదు. మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చును. మన ప్రాంతము వారు పూర్వపు వరంగల్ జిల్లాకు ఉన్న కమిషన్‌ను విచారించవలెను. వస్తువునకు చెల్లించిన ధర రూ. 50 లక్షలు దాటనిచో జిల్లా కమిషనే వింటుంది. ధర 5 లక్షల లోపు అయినచో రుసుము లేదు. 5 నుండి 10 లక్షల వరకు రూ. 200, 10 నుండి 20 లక్షల వరకు రూ. 400. లాయరు లేకుండా మీ వాదన మీరే చెప్పుకొనవచ్చును. అయినా ఉమ్మడి ఫిర్యాదుకు తెలిసినవారి సాయము ఉండుట మేలు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో పని లేకుండ ఉచిత న్యాయ సహాయము 1987 నాటి చట్టము ప్రకారము దొరుకును. మన తండాలలోని వారు దీనిని వాడుకొనుట తక్కువ. న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు ఇచ్చిన చాలును. ఇంట్లో చదువుకొన్న పిల్లలున్నచో, 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి అను వ్యవస్థ ద్వారా ఇంటి నుండే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చును.

గడువును గూర్చి గట్టిగా చెప్పవలసి ఉన్నది. నష్టమునకు కారణము ఏర్పడిన నాటి నుండి రెండేండ్లలో ఫిర్యాదు పడవలెను. "వచ్చే వారము రండి, కంపెనీకి వ్రాసినాము" అని డీలరు చెప్పుచుండగా ఆ రెండేండ్లు జరిగిపోవును. డీలరుతో ఉత్తర ప్రత్యుత్తరములు నడుపుట చేత గడియారము ఆగదు. తగిన కారణము చూపినచో ఆలస్యమును కమిషన్ క్షమించవచ్చును గాని, క్షమించి తీరవలెనని లేదు. అటు పక్షానికి కూడ గడువు ఉన్నది. నోటీసు అందిన 30 దినములలో జవాబు ఇవ్వవలెను. మహా అయితే మరి 15 దినములు. ఆ 45 దినములు దాటిన తరువాత జవాబు తీసికొనరాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2020 మార్చిలో తేల్చినది. కేసు మాత్రము చట్టములో వ్రాసిన మూడు నెలలలో, పరీక్ష ఉన్నచో అయిదు నెలలలో ముగియునని లెక్క వేసికొని అప్పు చేయవద్దు. ఆచరణలో చాలా ఎక్కువ కాలమే పట్టుచున్నది.

ఏమి అడుగవలెను? మనవారు ఇక్కడ రెండు తప్పులు చేస్తారు. కొందరు భాగము ఖరీదు మాత్రమే అడుగుతారు. మరికొందరు నోటికి వచ్చినంత పెద్ద మొత్తము వ్రాస్తారు. రెండూ నష్టమే. భాగము వెల, కూలి, బండిని వర్క్‌షాపుకు చేర్చుటకు అయిన ఖర్చు, బండి నిలిచిపోయిన దినములలో ప్రక్కవాని ట్రాక్టరుకు ఇచ్చిన కిరాయి – వీటికి రసీదులు ఉండవలెను. కిరాయి ఇచ్చినప్పుడు చిన్న కాగితము మీద తేదీ, ఎకరములు, మొత్తము వ్రాయించి సంతకము తీసికొనుట మనకు అలవాటు లేదు. ఆ అలవాటు చేసికొనవలెను. దుక్కి ఆలస్యమై పంట తగ్గినదని చెప్పదలచినచో, పంట కోసిన తరువాత చెప్పి లాభము లేదు. ఆలస్యము జరుగుచుండగానే మీ క్లస్టరు వ్యవసాయ విస్తరణాధికారిని పిలిచి చేను చూపించి, వ్రాత పూర్వకముగా నమోదు చేయించవలెను. విత్తనముల కేసులలో రైతులను నిలబెట్టినవి అధికారులు చేను చూచి ఇచ్చిన నివేదికలే.

లోపమున్న భాగము వలన మనిషికి గాయమైనా, ఇతర ఆస్తి చెడినా అది ఇంకొక మెట్టు. అప్పుడు 2019 చట్టములోని ఉత్పత్తి బాధ్యత అను అధ్యాయము క్రింద తయారీదారును, కొన్ని సందర్భములలో అమ్మినవానిని కూడ బాధ్యులను చేయవచ్చును. బ్రేకు పడక ట్రాలీ బోల్తా కొట్టినచో ఇది వర్తించును. ఒక కారు ఢీకొన్నప్పుడు గాలి సంచి తెరుచుకొనలేదని వచ్చిన కేసులో, సంచి తెరుచుకొనుటకు ఢీకొన్న వేగము చాలలేదని కంపెనీ వాదించినది. ఆ వేగమును, బలమును లెక్కకట్టుటకు కొనుగోలుదారు భౌతికశాస్త్ర పండితుడు కానక్కర లేదని 2022 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పి, నష్టపరిహారముతో పాటు బండిని మార్చి ఇమ్మన్న ఉత్తర్వును నిలబెట్టినది. కాని మీరు బండిని మార్చి వాడినచో ఈ అధ్యాయము మీకు తోడు రాదు. కంపెనీ చెప్పని పరిమాణపు దమ్ము చక్రములు బిగించుట, ట్రాలీకి ప్రక్క చెక్కలు పెంచి మోయరాని ఇసుక వేయుట, సీలు ఊడదీసి పంపును ఊరి మెకానిక్కు చేత మార్పించుట – ఇవి చేసినవారు ముందే ఆలోచించుకొనవలెను. సర్వీసు పుస్తకము గంటల ప్రకారము పూర్తి అయి ఉండుట కూడ అంత ముఖ్యమే.

కోర్టుకు పోకుండ ఇంకొక దారి ఉన్నది. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టములో 110-ఎ అను సెక్షను చేరినది. ఒక రకపు వాహనములో నడిపేవానికి గాని, దారిన పోయేవారికి గాని హాని కలిగించే లోపమున్నదని యజమానులు తగిన సంఖ్యలో కేంద్ర ప్రభుత్వమునకు తెలిపినచో, ఆ వాహనములన్నిటిని వెనుకకు పిలిపించి ఉచితముగా బాగుచేయుటకో, మార్చి ఇచ్చుటకో, ధర తిరిగి చెల్లించుటకో కంపెనీని ఆదేశించవచ్చును. లోపము ఒక్క భాగములో ఉన్నచో ఆ భాగము అమర్చిన బండ్లన్నిటిని పిలిపించవచ్చును. చూచినారా, ఇక్కడ కూడ లెక్కకు వచ్చేది సంఖ్యే. మీ నోటుబుక్కు ఇక్కడ కూడ పనికివచ్చును. మీ మోటారు సైకిలుకు, సామాను ఆటోకు ఇట్లు పిలుపు ఉత్తరము వచ్చినప్పుడు ప్రక్కన పడవేయకుండ తప్పక తీసికొని వెళ్ళండి. ఉచితముగా బాగుచేసినంత మాత్రాన మీకు జరిగిన నష్టము తీరినట్లు కాదని కూడ గుర్తుంచుకొనండి.

అందుకనే సంతకముల దగ్గర జాగ్రత్త. మరమ్మతు అయిన తరువాత "పూర్తి తృప్తి కలిగినది, ఇక ఏ తగాదా లేదు" అని ముందే అచ్చు వేసిన కాగితము ఇస్తారు. నష్టము అడుగదలచినవారు దాని క్రింద "బండి తీసికొన్నాను. నిలిచిపోయిన దినముల నష్టము ఇంకను తేలవలసి ఉన్నది" అని తమ చేతితో వ్రాసి సంతకము చేయవలెను. రాజీకి వచ్చినచో రావద్దని నేను చెప్పను. పది మందికి సమానముగా, వ్రాత పూర్వకముగా వచ్చే రాజీ ఏండ్ల తరబడి నడిచే కేసుకంటె మంచిదే. అందరిలో గట్టిగా మాట్లాడే ఒక్కనికి రహస్యముగా ఇచ్చి మిగిలినవారిని విడదీసే రాజీ ఉన్నదే, దానికి లొంగవద్దు. అట్లే కేసు నడుచుచున్నదని బ్యాంకు వాయిదాలు ఆపవద్దు. అప్పు తగాదా వేరు, లోపము తగాదా వేరు.

రైతులు ఇట్లు కలిసి పోరాడుట మన దేశములోనే కాదు. అమెరికాలో "303" అను పేరుతో ట్రాక్టరు హైడ్రాలిక్ నూనె అమ్మేవారు. ఆ పేరు ఎప్పుడో పాతబడిన ఒక ప్రమాణమునకు చెందినది. పూర్వము ఆ నూనెలో తిమింగిలపు నూనె కలిపేవారు. 1970 ప్రాంతములలో అది ఆగిపోయినను పేరు మాత్రము డబ్బాల మీద నిలిచిపోయినది. ఆ నూనె పోసిన యంత్రములు చెడినవని రైతులు అనేక రాష్ట్రములలో దావాలు వేయగా, 2020లో అవి మిస్సోరి రాష్ట్రపు ఫెడరల్ కోర్టులో ఒక్కచోట చేర్చబడినవి. కొందరు అమ్మకందారులు, తయారీదారులు రాజీకి వచ్చినారు. నూనె కొన్నవారికి ధరలో కొంత, యంత్రము బాగుచేయించుకొన్నవారికి కాగితములను బట్టి వేరుగా ఇచ్చునట్లు ఏర్పాటైనది. అంత పెద్ద దేశములో కూడ చివరికి రైతును అడిగినది మరమ్మతు బిల్లులే.

కమిషన్ తీర్పు మీకు అనుకూలముగా వచ్చినచో కంపెనీ 45 దినములలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చును గాని, అందుకు తీర్పు సొమ్ములో సగము ముందుగా కట్టవలెను. కట్టక, పాటించక కూర్చున్నచో నెల నుండి మూడేండ్ల వరకు జైలు, లేక రూ. 25 వేల నుండి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ చట్టములో ఉన్నవి.

అన్నిటికంటె ముందు పంపవలసిన ఉత్తరపు మచ్చు ఒకటి చెప్పి ముగిస్తాను. డీలరుకు, కంపెనీకి విడివిడిగా పంపవలెను.

"అయ్యా, మీ వద్ద ఫలానా తేదీన, ఫలానా బిల్లుతో కొన్న ఈ ఛాసిస్ నంబరు గల ట్రాక్టరును నా కుటుంబ జీవనము కొరకు నేనే నడుపుకొంటున్నాను. ఫలానా తేదీన, అవర్ మీటరు ఇన్ని గంటలు చూపుచుండగా ఫలానా భాగము విరిగినది. సర్వీసులు అన్నియు గడువు ప్రకారము చేయించినాను. ఇదే భాగము ఇదే నమూనాలో ఈ క్రింద వ్రాసిన రైతులకు కూడ విరిగినది. విరిగిన భాగము నా వద్ద భద్రముగా ఉన్నది. తనిఖీ చేయదలచిన తేదీని తెలియజేయుడు. భాగమును మార్చి ఇచ్చి, బండి నిలిచిన దినములకు ఈ పట్టికలో చూపిన నష్టమును 15 దినములలో చెల్లింపుడు. లేనిచో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించుదును."

దీని క్రింద తోటి రైతుల పేర్లు, ఛాసిస్ నంబర్లు చేర్చి, వారి సంతకములు కూడ తీసికొనండి. స్పీడు పోస్టులో, అందినట్లు రుజువు తీసికొని పంపండి. ఆ రుజువును బిల్లు, జాబ్ కార్డులతో కలిపి ఒకే కవరులో పెట్టి, గోనె సంచిలోని ఆ భాగము ప్రక్కనే దాచండి.